బిగువు తెలిసిన చెయ్యి

కలిసాత్ బజారులో ఏ ముసలమ్మైనా మొక్కజొన్న పొత్తు కొరుక్కుంటూ కనిపిస్తే, ఆవిడ నోట్లో ఉన్నవి బుసిరి చేసిన పళ్ళేనని జనం అనేవాళ్ళు. అందులో కొంత గొప్పలు కలిసిన మాట నిజమే. ఆ గొప్పల్లో సగం బుసిరి స్వయంగా కలిపినవే. మనిషికి గర్వం పాలు ఎక్కువ. ఆ గర్వానికి తగ్గ చెయ్యి కూడా దేవుడు ఇచ్చాడు కాబట్టి ఎవరూ పెద్దగా తప్పు పట్టేవారు కాదు.

దుకాణమంటే ఇంటి ముందుగదే. గుమ్మానికి వేలాడే గుడ్డ మీద ఎర్రటి పెదవులు, వాటి మధ్య బారులు తీరిన తెల్లటి పళ్ళు, కింద పళ్ళ మేస్త్రి అని పెద్ద అక్షరాలు. ఆ బొమ్మ వేయించినవాడు తండ్రి మాట్ సహ్రి. పని నేర్పిందీ ఆయనే. మా వైపు మదురా ద్వీపం నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ ఇళ్ళలో ఈ విద్య తండ్రి దగ్గర్నుంచి కొడుక్కి వస్తుంది తప్ప ఏ కాలేజీ నుంచీ రాదు. మైనంతో అచ్చు తీయడం, గులాబి రంగు పొడిని ద్రావకంతో కలిపి ముద్ద చేయడం, ఇత్తడి అచ్చులో నొక్కి ఉడకబెట్టడం, గట్టిపడ్డాక ఆకురాయితో అరగదీయడం, ఇవన్నీ బుసిరి పదమూడో ఏట మొదలుపెట్టిన పనులు.

ఈ పని మొత్తానికి కీలకం బిగువు. కట్టుడు పళ్ళ పలక అంగిట్లో ఎంత బిగువుగా కూర్చుంటే అంత మంచి పని. వదులుగా ఉన్న పళ్ళు పెళ్ళి భోజనంలో పళ్ళెంలోకి జారిపడతాయి, మేస్త్రి పరువు కూడా వాటితో పాటే జారుతుంది. అందుకని బుసిరి పలక పెట్టాక బొటనవేలితో ఒకసారి లాగి చూసేవాడు. ఊడి రాకపోతే అతని మొహం వెలిగేది. కొత్తలో చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని ఎవరైనా అంటే అతని దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: నొప్పి ఉందంటే పట్టు దొరికిందని అర్థం, ఓర్చుకోండి. రెండు వారాలకు వాళ్ళు నిజంగానే నవ్వుకుంటూ వచ్చి సోయా గింజలతో చేసే తంపె బుట్టెడు ఇచ్చి వెళ్ళేవారు. ఇలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ముప్ఫై ఏళ్ళ పాటు ఒక మాట నిజమవుతూ వస్తే, అది అన్నిచోట్లా నిజమేనని మనిషికి అనిపించడం వింత కాదు. బుసిరి జీవితమంతా వేరు లేని పళ్ళతోనే గడిచింది. ప్రాణమున్న పన్ను అతనికి పలక కొక్కెం తగిలించుకోవడానికి పనికొచ్చే గుంజ మాత్రమే.

క్లిప్పుల పిచ్చి మా ఊళ్ళోకి పొగాకు గోదాముల్లో పనిచేసే ఆడపిల్లలతో వచ్చింది. మొదటి జీతంతో ఫోను, రెండో జీతంతో పళ్ళకి క్లిప్పులు. వచ్చేవాళ్ళలో పళ్ళు వంకరగా ఉన్నవాళ్ళకంటే తిన్నగా ఉన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు కావలసింది రంగురంగుల రబ్బరు చుట్టలు, నవ్వితే మెరిసే తీగ. మాలంగ్‌లో ఉన్న బంధువు ఒకడు ఒక్క పూటలో బుసిరికి ఆ పని చూపించాడు. పంటి మీద చిన్న ఇనప బిళ్ళ అతికించడం, బిళ్ళల గాడిలోంచి తీగ పోనివ్వడం, రబ్బరుతో కట్టడం. అంతే. సర్కారు ఇచ్చిన కాగితంలో తీసి పెట్టుకునే పళ్ళు తప్ప మరే పనీ చేయకూడదని రాసి ఉన్న సంగతి బుసిరికి తెలుసు. ఆ కాగితం గోడకు వేలాడుతూనే ఉంది, దాని పక్కనే కూర్చుని అతను క్లిప్పులు వేశాడు. అయితే ఆ పిల్లలకి వేసినవి వట్టి అలంకారం. తీగ వదులుగా ఉండేది, పన్ను కదిలేది కాదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కొంప ముంచింది.

అతనికి ఒక్కతే కూతురు, మైసరొ. ముద్దొస్తే బింగ్ అని పిలిచేవాడు. పదహారేళ్ళ పిల్ల, మనిషి సన్నగా, గొంతు మాత్రం ఒంటికి సంబంధం లేనంత నిండుగా ఉండేది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆ పిల్ల ఖురాన్ చదవడం మొదలుపెడితే పక్కింటివాళ్ళు మిక్సీ ఆపేసేవారు. బుసిరి ఆకురాయి కింద పెట్టేవాడు. అరబ్బీ అర్థం అతనికి అంతంత మాత్రమే. కూతురు ఊపిరి ఎక్కడ బిగబట్టి ఎక్కడ వదులుతుందో మాత్రం అతనికి కంఠతా వచ్చు.

ఖురాన్ చదువు చెప్పే పంతులమ్మ న్యై మక్కియా మహా కచ్చితమైన మనిషి. ఏ అక్షరం నోట్లో ఎక్కడ పుట్టాలో అక్కడే పుట్టాలంటుంది. కొన్ని అక్షరాలకు నాలుక కొస పై పళ్ళ అంచుకి ఆనాలి. ఇంకో అక్షరానికి అవే పళ్ళు కింది పెదవిని తాకాలి. మైసరొ పై పళ్ళు నాలుగూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఇరుకు బెంచీ మీద పిల్లల్లా తోసుకుంటూ ఉండేవి. ఆ సందుల్లోంచి గాలి జారి కొన్ని అక్షరాల దగ్గర సన్నటి ఈల వినిపించేది. దేవుడు దాన్ని పట్టించుకోడని, జిల్లా పోటీలో న్యాయనిర్ణేతలు మాత్రం పట్టించుకుంటారని న్యై మక్కియా చెప్పింది. పోటీ ఇంకా ఎనిమిది నెలలుంది. జిల్లాలో గెలిస్తే సురబయాలో పై పోటీ, అక్కడ గెలిస్తే పై చదువు దానంతట అదే వస్తుంది. ఆ పిల్ల ఆశంతా ఆ ఎనిమిది నెలల చివర్న ఉంది.

బడికి వచ్చిన పళ్ళ డాక్టరు ఒకాయన మైసరొ నోరు చూసి, సరిచేయవచ్చు గానీ రెండేళ్ళు పడుతుందన్నాడట. ఆ మాట విని బుసిరి కడుపు పట్టుకుని నవ్వాడు. రెండేళ్ళలో తను రెండు వందల మందికి కొత్త నోళ్ళు కట్టగలనన్నాడు. భార్య సుహ్రియా మాత్రం నవ్వలేదు. అందరికీ వేసేది వేరని, ఇది పిల్ల సొంత పళ్ళతో వ్యవహారమని, డాక్టరు దగ్గరికే తీసుకెళ్దామని ఆమె అంది. పళ్ళ మేస్త్రి కూతురు పళ్ళ కోసం పరాయి గుమ్మం ఎక్కితే ఆ గుమ్మం మీది గుడ్డ తీసి గిన్నెలు తుడుచుకోవచ్చని బుసిరి అన్నాడు. మైసరొ తండ్రి వైపే మాట్లాడింది. నాన్న చేతిని మించిన చెయ్యి జెంబర్ జిల్లా మొత్తంలో లేదని ఆ పిల్ల నమ్మకం.

క్లిప్పులకని సామాన్ల కొట్లో దొరికే తీగ వెంట్రుకంత సన్నం, వంచితే వంగి మళ్ళీ తన ఆకారానికి వచ్చేస్తుంది. బుసిరి దాన్ని వేలికి చుట్టి చూసి, ఇది ఉడికిన సేమ్యాలా ఉంది, దీనితో పన్ను కదలడమేమిటని పక్కన పడేశాడు. కట్టుడు పళ్ళకి కొక్కేలు చేసే ఉక్కు తీగ తీశాడు. అతను నమ్మిన తీగ అది. దాన్ని వంచి, నాలుగు పళ్ళ మీదా బిళ్ళలు అతికించి, రబ్బరు గొలుసు సాగదీసి కట్టాడు. బొటనవేలితో లాగి చూశాడు. ఊడి రాలేదు.

ప్రతి శుక్రవారం జుమా నుంచి వచ్చి మైసరొని కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ బిగించేవాడు. డాక్టర్లు నెలకోసారి, నెలన్నరకోసారి చేస్తారని అతను విన్నాడు. అది జనాన్ని ఎక్కువసార్లు తిప్పుకునే ఎత్తుగడ అనుకున్నాడు.

"నొప్పిగా ఉందా, బింగ్?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా తలూపేది. అతను సంతోషించేవాడు. ఇది రాయడానికి చేతులు రావడం లేదు గానీ, నిజం అదే. కూతురికి నొప్పిగా ఉందని తెలిసి ఆ తండ్రి సంతోషించాడు.

నాలుగు నెలలకల్లా పళ్ళు వరసలోకి వచ్చాయి. వీధంతా వచ్చి చూసింది. ఈల పోయింది. న్యై మక్కియా కళ్ళు మూసుకుని విని, మరో మాట లేకుండా పోటీకి మైసరొ పేరు రాసుకుంది. బుసిరి ఆ వారమంతా బజారులో అవసరం లేకపోయినా తిరిగాడు, ఎవరైనా అడుగుతారని. అడిగారు. చెప్పాడు. రెండేళ్ళ డాక్టరు కథ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

అయిదో నెలలో పిల్ల కరకరలాడే అప్పడాలు మానేసింది. ఆరో నెలకి అన్నం కూడా మాని గంజి తాగడం మొదలుపెట్టింది. గొంతు బాగుండాలని గంజి తాగుతున్నానని తల్లికి చెప్పింది. ముందు పళ్ళు కొంచెం ఊగుతున్నాయని బుసిరి వేలికి తెలిసింది. ఊగే దానికి అతనికి తెలిసిన మందు ఒకటే. ఇంకాస్త బిగించాడు.

పోటీకి అయిదు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం సుహ్రియా తాపె తెచ్చింది. పులియబెట్టిన కర్రపెండలం, పళ్ళు లేని పసివాళ్ళకి కూడా పెట్టేంత మెత్తన. మైసరొ ఒక ముక్క కొరికి, కొరికిన ముక్కను నోట్లోంచి తీసి చూసుకుంది. పన్ను ముక్కలో ఉండిపోయింది. నెత్తురు కూడా పెద్దగా రాలేదు. ఆ పిల్ల అరవలేదు. ముక్కని అలాగే అరచేతిలో పెట్టుకుని తండ్రి దగ్గరికి నడిచి వచ్చి చూపించింది.

బుసిరి ఆ పన్నుని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి చూశాడు. జీవితంలో ఎన్ని వేల పళ్ళు చూశాడో. పీకించుకున్న పళ్ళు దాచుకునే ముసలివాళ్ళు తెచ్చి చూపించినవి కూడా చూశాడు. పన్నుకి కింద పొడుగాటి వేరుండాలి. దీనికి లేదు. ఉండాల్సిన చోట మొండిగా, ఎవరో కొరికి తినేసినట్టుగా ఉంది. పన్నుని గుడ్డలో చుట్టి, కూతుర్ని తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు.

జెంబర్ ఆసుపత్రిలో డాక్టర్ పుర్వాంతి నోరు చూడగానే ఆమె మొహం ఎర్రబడింది. ఇలాంటివి ఆమె ఇదివరకు చూసినట్టుంది.

"ఎవరు వేశారిది?" అని అడిగింది.

"నేనే."

"మీరు ఎవరు?"

"పిల్ల తండ్రిని."

ఆమె తిట్టడానికి పోగుచేసుకున్న మాటలన్నీ ఎక్కడో ఆగిపోయాయి. కాసేపు చేతి తొడుగులు సర్దుకుంది. తరవాత ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి పక్కన కూర్చోమంది. దవడ పళ్ళకి పొడుగాటి వేర్లు కనిపిస్తున్నాయి. ముందు మిగిలిన మూడింటికీ వేర్లే లేవు, చెక్కీ చెక్కీ అయిపోయిన పెన్సిల్ ముక్కల్లా ఉన్నాయి.

"పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు, పాక్," అంది డాక్టరు, పెద్దమనిషిని పిలిచే పిలుపుతో. గొంతు మెత్తబడింది. "దాని వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుంది. అందులో నెత్తురు ఆడుతూ ఉంటుంది. సన్నటి తీగతో మెల్లగా నెట్టామనుకోండి, నెట్టిన వైపు ఎముక కొంచెం కొంచెం కరిగి చోటిస్తుంది. వదిలొచ్చిన వైపు కొత్త ఎముక కట్టుకుంటుంది. పన్నుని జరిపేది మనం కాదు. ఎముక దారిస్తేనే అది జరుగుతుంది. అందుకే రెండేళ్ళు."

"గట్టిగా నెడితే?"

"ఆ పొరలో నెత్తురు ఆగిపోతుంది. పొర చచ్చిపోతుంది. ఆ తరవాత ఒళ్ళు తన పంటి వేరునే తినేయడం మొదలుపెడుతుంది. వారం వారం బిగిస్తే దానికి కోలుకునే సందు కూడా ఉండదు."

మిగిలిన మూడు పళ్ళు నిలబెట్టడం తన వల్ల కాదని, పై చిగురులో ఎముక కూడా చాలావరకు పోయిందని, గట్టిపడ్డాక ఎప్పుడో కొన్నేళ్ళకి ఇంకో దారి చూడొచ్చని, అప్పటిదాకా కట్టుడు పళ్ళేనని ఆమె చెప్పింది. కట్టుడు పళ్ళు అన్న మాట దగ్గర బుసిరి తల వంచుకున్నాడు.

తిరుగు బస్సులో మైసరొ కిటికీ పక్కన కూర్చుని ఓణీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. అర్జస దాటాక బుసిరి నోరు పెగిలింది.

"అంత నొప్పి ఉంటే చెప్పొద్దా, తల్లీ? అన్నం కూడా తినలేకపోయావే. ఒక్కసారి వద్దన్నా ఆపేసేవాణ్ణి కదా."

"మీరే అందరికీ చెబుతారుగా నాన్నా, నొప్పి ఉంటేనే పని జరుగుతున్నట్టని," అందా పిల్ల. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. "నొప్పి తగ్గిన రోజు నాకు భయం వేసేది. పోటీ నాటికి అవ్వవేమోనని."

బుసిరి సీటు ముందున్న కమ్మీ పట్టుకుని ఏడ్చాడు. యాభై ఏళ్ళ మగవాడు, బస్సు నిండా జనం. కండక్టరు టికెట్ అడగకుండా వెళ్ళిపోయాడు.

రెండు పళ్ళు వాటంతట అవే రాలాయి. మూడోది డాక్టరు తీసేసింది. చిగురు మానాక కట్టుడు పళ్ళు ఎవరు చేయాలన్న మాట వచ్చినప్పుడు సుహ్రియా ఆసుపత్రిలోనే చేయిద్దామంది. అన్నాళ్ళుగా భర్తతో అవసరానికి మించి మాట్లాడని మనిషి, ఆ ఒక్కదానికి మాత్రం గొంతు పెంచింది. కూతురు వినలేదు. నాన్నే చేయాలంది. ఇంకెవరైనా చేస్తే నాన్న మళ్ళీ పని ముట్టుకోరని తల్లితో అన్నదట.

పదకొండు రోజులు చేశాడు బుసిరి ఆ పలకని. అంతకు మించిన పని అతని చేతిలోంచి ఎప్పుడూ రాలేదు. పన్ను రంగు, చిగురు వంపు, దేనికీ వంక పెట్టలేం. నోట్లో పెట్టాక లాగి చూడడానికి బొటనవేలు దానంతట అదే లేచింది. సగంలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నవ్వితే ఎవరూ పోల్చలేరు. చదివితే మాత్రం తెలిసిపోతుంది. అంగిట్లో పలక ఉంటే నాలుకకి చోటు చాలదు, అక్షరాలు మొద్దుబారి వస్తాయి. తీసేస్తే ఆనడానికి పళ్ళే లేవు, గాలి మొత్తం బయటికి పోతుంది. మైసరొ ఒక పూట న్యై మక్కియా ముందు రెండు విధాలా చదివి చూసింది. నోరు ఎలా ఉన్నా దేవుడు తీసుకుంటాడని ఆవిడ చెప్పింది, చెబుతూ ఓణీతో కళ్ళు ఒత్తుకుంది. పోటీకి మరో పిల్ల వెళ్ళింది. మైసరొ ఆ పిల్లకి తన మంచి ఓణీ ఇచ్చి పంపింది.

ఇంట్లో అసర్ తరవాత చప్పుడు లేకుండా పోయింది. బుసిరి ఒకసారి ధైర్యం చేసి చదవమని అడిగాడు. తప్పుగా పలికితే పాపం నాన్నా, మనసులో చదువుకుంటున్నానులెండి అంది. పక్కింట్లో మిక్సీ ఆడుతూనే ఉంది.

అతను చేయగలిగింది ఒకటి మిగిలింది. క్లిప్పులు వేసిన పిల్లలందరి ఇళ్ళకీ వెళ్ళి వాటిని తీసేయడం మొదలుపెట్టాడు. సంచిలో చిన్న పట్కారు, ఆకురాయి వేసుకుని మోటారు సైకిల్ మీద ఊరూరా తిరిగాడు. కొందరు నోరు తెరిచారు. కొందరు తెరవలేదు. ఒకమ్మాయి పెళ్ళి ఫొటోలు అయ్యాక రమ్మంది. ఇంకో తల్లి, బాగున్న వాటిని తీసేస్తానంటున్నాడు, మతి పోయిందా అని ఈసడించింది. బుసిరి గుమ్మంలోనే నిలబడి తన కూతురి సంగతి మొదట్నుంచీ చెప్పేవాడు. గర్వంతో బతికిన మనిషి, ముప్ఫై ఏడు గుమ్మాల్లో తన సిగ్గు తనే చెప్పుకున్నాడు. రెండు నెలలు పట్టింది. చివరి పిల్ల తీగ కూడా తీసేశాక ఇంటికొచ్చి, ఇక రేపట్నుంచి తిరిగే పని లేదని సుహ్రియాతో అన్నాడు.

ఆమె బియ్యం ఏరుతోంది.

"మీరు లేనప్పుడు అది చదువుతోంది," అంది చేట మీంచి తల ఎత్తకుండానే.

బుసిరి సంచి కింద పెట్టాడు.

"పైకేనా?"

"పైకే. పలక తీసి పక్కన పెట్టుకుని. చిన్నప్పుడు అక్షరాలు నేర్చుకునేటప్పటిలా ఉంటుంది, సగం మాటలు గాలే. అయినా రోజూ చదువుతోంది. మీ బండి చప్పుడు వినగానే ఆపేస్తుంది."

"నా మీద కోపమా?"

"కోపమైతే బాగానే ఉండేది. మీరు వింటే తట్టుకోలేరని."

ఇప్పుడు రోజూ అసర్ నమాజు కాగానే బుసిరి ఖాళీ సంచి బండికి తగిలించుకుని, పక్క ఊళ్ళో ఎవరో అచ్చు కోసం రమ్మన్నారని కూతురికి వినపడేలా చెప్పి బయల్దేరతాడు. రైలు గేటు దగ్గర ఒక కాఫీ కొట్టుంది. అక్కడ బల్ల మీద గంట సేపు కూర్చుంటాడు. కొట్టామెకి చాలా రోజులుగా వింతగా ఉంది. పనేమీ లేకుండా రోజూ ఇదే వేళకి వస్తారేం పాక్, ఇంట్లో గొడవా అని ఒకనాడు నవ్వుతూ అడిగేసింది.

"గొడవేం లేదమ్మా. మా అమ్మాయి చదువుకునే టైము."

చదువుకుంటే మీరుండకూడదా అని ఆమె ఇంకేదో అనబోయి, అతని మొహం చూసి గ్లాసులు కడగడానికి మళ్ళింది. బుసిరి గోడ గడియారం చూశాడు. ఇంకా పావుగంట ఉంది. మరో గ్లాసు కాఫీ పొయ్యమన్నాడు.